కోతతోనా, తీగతోనా?

గుండెలో చిల్లు ఉందని తెలియగానే తల్లిదండ్రుల నోట వచ్చే మొదటి మాట: "కోత లేకుండా నయం కాదా, డాక్టర్‌గారూ?" రాయపూర్ గుఢియారీలోనైనా, విజయనగరంలోనైనా అడిగేది ఇదే. 1960ల మొదట్లో ఈ ప్రశ్న పుట్టే వీలే లేదు.

గుండె పై గదుల మధ్య గోడలో ఉండే ఏఎస్‌డీ అనే రంధ్రాన్నే తీసుకుందాం. 1952 సెప్టెంబర్ 2న మిన్నెసోటాలో జాన్ లూయిస్ ఐదేళ్ల పాప ఒంటిని చల్లబరిచి, గుండెకు చేరే రక్తాన్ని ఆపి, ఆ చిల్లు కుట్టేశారు. అలా దొరికే వ్యవధి కొద్ది నిమిషాలే. మరుసటి ఏడు మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఇదే లోపం సరిచేశాక సర్జన్‌కు తొందరపడే అవసరం తప్పింది.

రెండో దారి 1970ల మధ్యలో తెరుచుకుంది. న్యూ ఆర్లీన్స్‌లో కింగ్, మిల్స్ అనే వైద్యులు తొడ దగ్గరి సిర గుండా గొట్టం పంపి, జంట గొడుగులతో చిల్లు మూశారు. ఆ గొట్టం మరీ లావు, పసివాళ్ల నాళాల్లో పట్టదు. 1990 ప్రాంతంలో గ్రీకు వైద్యుడు సిడెరిస్ 'బటన్' పరికరం తెచ్చారు. దాన్ని పిల్లల్లో పరీక్షించి ఫలితాలు ప్రకటించినవారిలో అమెరికాలో పనిచేసిన డాక్టర్ పి. శ్యామసుందర్ రావు ఒకరు.

అసలు మలుపు కర్ట్ యాంప్లాట్జ్ అనే వైద్యుడు నిటినాల్ అనే లోహపు తీగలతో అల్లిన పరికరంతో వచ్చింది. 2001 డిసెంబర్‌లో దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి దక్కింది. సన్నని గొట్టంలో సాగదీసి పంపిన ఆ జాలీ గుండెలోకి చేరి గొట్టం వదలగానే తన ఆకారం తానే తెచ్చుకుంటుంది. ముందు ఎడమ గదిలో ఒక బిళ్ల విచ్చుకుంటుంది, గోడకు ఆనేదాకా దాన్ని వెనక్కి లాగుతారు, ఆపై కుడివైపు రెండో బిళ్ల. డాక్టర్ తీగను మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించి, ఎకో అనే గుండె స్కానింగ్‌లో ఆ పరికరం కదలట్లేదని చూసుకున్నాకే మర తిప్పి వదిలేస్తారు. అప్పటిదాకా నచ్చకపోతే వెనక్కి తీసేయొచ్చు. నాకు ఈ చికిత్సలో అన్నిటికన్నా విలువైనది ఆ వెసులుబాటే.

2002లో ఈ రెండు దారులనూ పోల్చిన అమెరికాలోని 29 కేంద్రాల ఫలితాలు వెలువడ్డాయి. పరికరంతో చిల్లు మూసినది 442 మందికి, సర్జరీ చేసినది 154 మందికి. విజయం పరికరంతో 95.7 శాతం, సర్జరీతో 100 శాతం. ఇబ్బందులు మాత్రం పరికరంతో 7.2 శాతం, సర్జరీతో 24 శాతం. ఆసుపత్రిలో ఉన్నది సగటున పరికరంతో ఒక రోజు, సర్జరీతో 3.4 రోజులు. ఈ అంకెలు చూసి తీర్పు చెప్పేయకూడదు. ఎవరికి ఏది చేయాలో చీటీ వేసి నిర్ణయించలేదు. సర్జరీ పిల్లల మధ్యస్థ వయసు నాలుగేళ్లు దాటింది, పరికరం పెట్టినవారిలో దాదాపు పదేళ్లు. పైగా చిల్లు చుట్టూ అంచు సరిపడా లేకపోతే పరికరం నిలబడదు. గోడ కింది భాగంలో ఉండే రకానికి కోతే మార్గం. అరుదుగా ఆ బిళ్ల పక్కనున్న గోడను రాసుకుని చిల్లు చేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి సర్జన్ పక్కకు తప్పుకోలేదు, అతని అవసరం ఎక్కడో మాత్రం స్పష్టమైంది.

మన ప్రాంతంలో ఈ రెండు దారులకూ పేదలకు తలుపు తెరిచింది పుట్టపర్తి. 1991 నవంబర్‌లో ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన అక్కడి సత్యసాయి ఆసుపత్రిలో గుండె చికిత్సకు బిల్లు ఉండదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదల వైద్యానికి ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2008లో పిల్లల గుండె చికిత్సకు ముఖ్యమంత్రి బాల హృదయ సురక్షా పథకం మొదలైంది. 2012లో నయా రాయపూర్‌లో సత్యసాయి సంజీవని ఆసుపత్రి తెరిచారు. తర్వాత అది పూర్తిగా పిల్లల గుండెకే అంకితమైంది, అక్కడా డబ్బు తీసుకోరు. గుఢియారీలో కూలి చేసుకునే కుటుంబానికి ఇప్పుడు చికిత్స కోసం రాష్ట్రం దాటాల్సిన పని లేదు.

ఇక మిగిలిన చిక్కు సమయానికి పట్టుకోవడం. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ కార్యక్రమం కింద ఛత్తీస్‌గఢ్‌లో 'చిరాయు' బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి పరీక్షిస్తాయి. ఏఎస్‌డీ ఉన్న బిడ్డ ఆడుతూ పాడుతూనే ఉంటుంది, స్టెతస్కోపులో వినబడే శబ్దమూ మెత్తగా ఉంటుంది. ఏళ్లు గడిచి ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పాతుకుపోతే చిల్లు మూయడమే ప్రమాదం. అప్పుడు కోతా పనికిరాదు, తీగా పనికిరాదు. అనుమానం వచ్చిన ప్రతి బిడ్డకూ ఎకో తీయించాల్సింది ఇందుకే.