ఒడిలో పట్టే గడి, మంచం నిండే బొంత

1863లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, అగస్టా పట్టణంలో సుసన్నా పులెన్ అనే ఆవిడ ఆదివారం బడిలో తన దగ్గర చదువుకునే పిల్లలతో కలిసి, యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఒక బొంత కుట్టింది. ఎరుపు, నీలం గుడ్డముక్కలతో నక్షత్రాలు పేర్చి, వాటి నడుమ సిరాతో మంచిమాటలు, తమ పేర్లు రాశారు. బొంత ఎక్కడికి చేరిందో చెబుతూ ఎవరైనా ఉత్తరం రాస్తే తప్పక జవాబిస్తామనీ రాశారు. అదే ఏడాది నవంబర్‌లో వాషింగ్టన్‌లోని ఆర్మరీ స్క్వేర్ ఆస్పత్రి నుంచి ఒక సార్జెంటు ఉత్తరం రానే వచ్చింది. ఆ బొంత ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది.

1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలడంతో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. క్షతగాత్రులకు కావలసిన పరుపులు, దుప్పట్లు సైన్యం దగ్గర చాలినన్ని లేవు. ఆ లోటు తీర్చడానికి జూన్‌లో శానిటరీ కమిషన్ ఏర్పడింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేసిన ఫ్రెడరిక్ లా ఒల్మ్‌స్టెడ్ దాని కార్యదర్శి. ఉత్తరాది రాష్ట్రాల్లో ఊరూరా మహిళా సంఘాలు వెలిశాయి. ఆస్పత్రి మంచానికి సరిపోయేలా సుమారు 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవుతో బొంతలు కుట్టి పంపాయి. మొత్తం 2,50,000 దాకా వెళ్లాయని చరిత్రకారుల అంచనా. వాడుకలోనే అరిగి చిరిగిపోయి, నేటికి మిగిలినవి బహు కొద్ది.

గడికి గడి పూర్తి

అలా మిగిలిన వాటిలో కొన్నింటి తయారీ ప్రత్యేకమైనది. మామూలుగా క్విల్ట్ అంటే పైగుడ్డ మొత్తం అతికి, దాని కింద దూది, ఆ కింద అస్తరు పరిచి, పెద్ద చట్రానికి బిగించి, చుట్టూ కూర్చుని కుడతారు. చట్రం వేస్తే గది గదంతా దానికే సరి. న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు స్త్రీలు, ముఖ్యంగా మెయిన్ రాష్ట్రంలో, అంతకు ముందు నుంచే ఇంకో దారి పట్టారు. జానెడో, అంతకు కాస్త ఎక్కువో ఉండే ఒక్కో చదరపు గడిని దానికదే పూర్తిచేసేవారు. మూడు పొరలూ కలిపి కుట్టి, నాలుగు అంచులకూ సన్నని పట్టీ వేసేవారు. వేడిగిన్నె దించే గుడ్డలా కనిపిస్తుంది కనుక ఈ పద్ధతికి తర్వాతి కాలంలో ‘పాట్‌హోల్డర్’ అనే పేరు స్థిరపడింది.

పూర్తయిన రెండు గడుల్ని మొహామొహాలు ఆనించి, అంచులు సరిచూసి, పట్టీల చివర్లు మాత్రమే అందేలా దగ్గర దగ్గరగా చుట్టుకుట్టు వేస్తారు. సూది లోతుగా దిగితే అతుకు ఉబ్బుతుంది, పైపైన పోతే ఊడుతుంది. విప్పి పరిస్తే రెండు పట్టీలూ పక్కపక్కన సన్నని గట్టులా నిలుస్తాయి. గడులు వరుసలవుతాయి, వరుసలు కలిసి బొంతవుతాయి. తిరగేస్తే ప్రతి గడికీ దాని అస్తరు వేరుగా కనిపిస్తుంది.

యుద్ధకాలంలో ఈ పద్ధతి ఎంతగా అక్కరకొచ్చిందో ఊహించవచ్చు. చట్రం అక్కర్లేదు, అందరూ ఒకచోట చేరనక్కర్లేదు. పొయ్యి మీద వంట ఉడుకుతుండగా, పిల్లను నిద్రపుచ్చాక, తీరిక దొరికిన కాస్సేపట్లో ఒడిలో పెట్టుకుని కుట్టుకోవచ్చు. పన్నెండు మంది తలా రెండు గడులు తెస్తే, అతకడం ఒక్కటే మిగిలిన పని. కుట్టు నేర్చిన చేతికీ, ఇంకా నేర్చుకుంటున్న చేతికీ ఒకే బొంతలో చోటు దొరికింది.

మళ్లీ ఒడిలోకి

ఇరవయ్యో శతాబ్దంలో నార్త్ కరోలినాకు చెందిన జార్జియా బోన్‌స్టీల్, గడికి గడి పూర్తిచేసే ఈ ఆలోచనకు కొత్త ఊపు తెచ్చారు. 1979లో ఆమె ప్రారంభించిన ‘ల్యాప్ క్విల్టింగ్’ టీవీ కార్యక్రమం ఎందరికో పని నేర్పింది. ఆమె పద్ధతిలో గడి చుట్టూ అర అంగుళం మేర కుట్టకుండా వదిలేస్తారు. పైగుడ్డల్ని మిషన్ మీద కలిపి, దూది అంచులు ఒకదాని మీదొకటి ఎక్కకుండా కత్తిరించి, అస్తరు మడిచి చేత్తో కుడతారు. పైనుంచి చూస్తే అతుకు జాడ అంతగా తెలియదు.

2004లో కాలిఫోర్నియాకు చెందిన డాన్ బెల్డ్, అంతర్యుద్ధ కాలపు బొంతల నమూనాలో కొత్తవి కుట్టించి, ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చనిపోయిన సైనికుల కుటుంబాలకు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. పాత బొంతల చరిత్రను ఆయన, క్విల్ట్ చరిత్రకారిణి పమేలా వీక్స్ కలిసి పుస్తకంగానూ తెచ్చారు.

ఈ చరిత్ర ఇంతగా దొరకడానికి గడుల మీది సిరా రాతలు ఎంతో ఆసరా అయ్యాయి. పేరు, ఊరు, తేదీ ఉన్నచోట పరిశోధకులు పాత రికార్డులు వెదికి ఆ స్త్రీలెవరో పట్టుకోగలిగారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి మన అమ్మమ్మలు, నాయనమ్మలు కుట్టిన బొంతల మీద అలాంటి గుర్తులు సాధారణంగా ఉండవు. ఆ పనితనం ఎవరిదో రెండు తరాలు దాటితే ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో అలాంటి బొంత ఉంటే, చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే అడగండి. కుట్టిన మనిషి పేరు, ఊరు, ఏడాది ఒక చిన్న గుడ్డ మీద రాసి బొంత మూలన కుట్టండి. ఒక పూట పని, అంతే. ఆ పేరు మాత్రం బొంత ఉన్నన్నాళ్లూ ఉంటుంది.