నృత్తము (గోదావరీ మండలము)

కథను గాని, పాత్రను గాని, పదార్థాభినయమును గాని ఆశ్రయింపక, తాళలయలకు లోబడి, కేవలము అంగవిన్యాసముచేతనే సభ్యులను రంజింపజేయు నాట్యభాగమునకు నృత్తమని పేరు. గీతార్థముతో సంబంధములేని ఈ నృత్తము దేనికని మునులడుగగా, అది ఏ అర్థమును అపేక్షింపదనియు, శోభను పుట్టించుటకే ప్రవర్తిల్లినదనియు భరతుడు సమాధానము చెప్పిన ఘట్టము, 108 కరణములను వర్ణించిన నాట్యశాస్త్ర చతుర్థాధ్యాయముననే కలదు. పాశ్చాత్యదేశములలో కథను విడిచి సంగీతమునే వస్తువుగా గ్రహించిన బాలే ఇరువదవ శతాబ్దమున గాని స్థిరపడలేదు. నృత్యకర్త జార్జి బాలంచిన్ 1941లో బాఖ్ రచించిన జంటవయొలిన్ల కృతికిని, 1957లో స్ట్రావిన్‌స్కీ నవీనసంగీతమునకును కూర్చిన నృత్తములు అందు ప్రసిద్ధములు. కాని తెలుగుదేశమున ఈ భావము చిరపరిచితము. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయపసేనాని 13వ శతాబ్ది మధ్యమున రచించిన ఎనిమిది అధ్యాయముల లక్షణగ్రంథమునకు 'నృత్తరత్నావళి' అనియే నామకరణము చేసెను.

గోదావరీ మండలమున నృత్తమును తరతరములుగా కాపాడినవారు కలావంతులు. ద్రాక్షారామ శాసనములలో పేర్కొనబడిన సానుల (దేవదాసీల) కాలమునుండి ఆలయసేవగాను, పిమ్మట జమీందారుల కొలువులందును, పెండ్లిపందిళ్లయందును మేజువాణిగాను ఈ విద్య వ్యాపించినది. ముమ్మిడివరము, మురమండ, పెద్దాపురము, మదనగోపాలస్వామి ఆలయముగల బల్లిపాడు మొదలగునవి దీనికి నెలవులు. మద్దెల, ముఖవీణ, తాళములు, శ్రుతికై తిత్తి వెనుక నిలువగా, సలాం దరువు, పల్లవి, స్వరజతి, వర్ణములు ఆడి, పిదప పదములకును, జావళులకును అభినయము పట్టుట కచేరీలలో కానవచ్చెడి పద్ధతి. భామాకలాపము, గొల్లకలాపము ఈ మేళములకు ఎంత కీర్తి తెచ్చినను, మద్దెలకాని ముక్తాయికి సరిగా అడుగును నిలిపిన నర్తకికే రసికులు తలయూచెడివారని గ్రహించినగాని ఈ సంప్రదాయము సమగ్రముగా బోధపడదు.

ఆంధ్రాలయనృత్తములలో అత్యద్భుతమైనది సింహనందిని. నేలపై పరచిన రంగుపొడిమీద, 128 అక్షరముల సింహనందన తాళమునకు ఆడుచు నర్తకి పాదములతోనే సింహరూపమును చిత్రించును. ఆమె సింహమును అభినయింపదు. లయను తప్పక త్రొక్కిన అడుగుల జాడయే సింహమగును.

పందొమ్మిదవ శతాబ్ది చివర రాజమహేంద్రవరమునుండి కందుకూరి వీరేశలింగము పంతులు మొదలైన సంస్కర్తలు మేజువాణులను ఖండించిరి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టము ఆలయములందును, ఉత్సవములందును స్త్రీల నాట్యమును నిషేధింపగా, 1956 నాటి సవరణ వివాహములలోని మేళములను సైతము మాన్పించెను. బాలికలను ఆలయములకు అంకితము చేయుటను ఆపుట న్యాయమే. కాని దానితోపాటు విద్యకును, దానిచే జీవించిన స్త్రీల గౌరవమునకును కలిగిన హాని సామాన్యమైనది కాదు. అందును నృత్తమునకే ఎక్కువ నష్టము వాటిల్లెను. క్షేత్రయ్య పదములు అచ్చులో మిగులును, కలాపముల సాహిత్యము వ్రాతప్రతులలో మిగులును. అడుగు మాత్రము దేహమునుండి దేహమునకు అందవలసినదే గాని తాటాకున నిలువదు.

ఆ అడుగును అందుకొనుటకు నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ (1923–2011) వృద్ధనర్తకీమణుల నాశ్రయించి, 1970లో హైదరాబాదున అభినయసదస్సు జరిపి, వారి విద్యను పండితులయెదుట నిలిపెను. ఆలయసంప్రదాయమునకు ఆంధ్రనాట్యమను పేర ప్రచారము కల్పించి, జాయపుని గ్రంథమును, రామప్పగుడి శిల్పములను ఆధారముగా గొని పేరిణి అను ప్రాచీననృత్తమును పునరుద్ధరించెను. అనంతరము నర్తకి స్వప్నసుందరి ముమ్మిడివరమునకు చెందిన అన్నాబత్తుల సోదరీమణులు మున్నగువారియొద్ద అభ్యసించి, విలాసినీనాట్యమను పేర ఆ కచేరీపద్ధతిని రంగస్థలమునకు తెచ్చెను.

ఆధునిక సంగీతమును నృత్తమునకు సమకూర్చిన వాగ్గేయకారులలో కోనసీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అగ్రగణ్యుడు. ఆయన తిల్లానాలు, విశేషించి కదనకుతూహల, బృందావని రాగములలోనివి, కూచిపూడి, భరతనాట్య నర్తకులు విరివిగా ఆడుచున్నారు. తిల్లానాలో సాహిత్యము చరణమున కొద్దిపాటిది, తక్కినదెల్ల జతులే. ఆ జతులను చౌకమున ఎత్తుకొని, ద్విగుణమునకు పెంచి, ముమ్మారు తిప్పి తీర్మానము చేయు చోట, గాయకుని గొంతును, మృదంగపు దెబ్బయు, నర్తకి మడమయు ఒక్క సమమునకు వచ్చి చేరవలెను.