శ్వాసరోగమును ప్రాణాయామమును

మబ్బు పట్టిన దినములందును తూర్పుగాలికిని పెచ్చు పెరుగునదియు, పరుండిన బాధించి కూర్చుండిన కొంత శాంతించునదియు, వేడి పదార్థముల మీదికి మనసును లాగునదియు నగు తమకశ్వాసను చరకసంహిత పంచవిధ శ్వాసలలో నొకటిగా వర్ణించినది. దిండును ఒడిలో నిడుకొని, రాత్రియెల్ల కూర్చుండియే తెల్లవార్చు ఉబ్బసపు రోగిని చూచినవారికి, ఆ వర్ణన కన్నులార చూచి వ్రాసినదని తోపక మానదు.

అట్టి రోగికి ప్రాణాయామము హితమా యను ప్రశ్న నేటిదని పలువురు తలంతురు గాని, పదునైదవ శతాబ్దము నాటిదని పండితులు తలంచు హఠయోగప్రదీపికయందు స్వాత్మారాముడు దీనికి సమాధానము చెప్పియే యున్నాడు. యుక్తముగా చేసిన ప్రాణాయామము సర్వరోగములను హరించుననియు, అయుక్తముగా చేసినచో ఎక్కిళ్లు, శ్వాస, కాసము, శిరోవేదన మున్నగునవి పుట్టుననియు, సింహమును గజమును వ్యాఘ్రమును మచ్చిక చేసికొనునట్లు వాయువును మెల్లమెల్లగా వశపరచుకొనవలెననియు నాతడు హెచ్చరించెను. తొందరపాటు తెచ్చు రోగములలో శ్వాసను సయితము చేర్చుట చూచిన నాకు ఆయనయెడ గౌరవము ఇనుమడించును. తన విద్యను కీర్తించుచునే దాని అపాయమును దాచని గురువు అరుదు గదా!

ఈ విద్యను ప్రయోగశాలకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు స్వామి కువలయానందుడు. ఆయన 1924లో లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించి, ఆ యేటనే యోగమీమాంస పత్రికను ప్రారంభించి, ఎక్స్‌రేల సాయమున యోగక్రియలను పరీక్షించెను. పిమ్మట బెంగుళూరు పరిశోధకులు 53 మంది రోగులకు రెండు వారములు శిక్షణ నిచ్చి, దినమునకు 65 నిమిషముల సాధన విధించి, మందులతోనే కాలము గడుపుచున్న మరి 53 మందితో పోల్చి, సాధకులకు ఆయాసము వచ్చుట తగ్గినదని 1985లో ప్రకటించిరి. 1990లో వెలువడిన నాటింగ్‌హాము పరీక్షలో, స్వల్పముగా ఉబ్బసము గల 18 మందిచేత, పీల్చిన కాలమునకు ఇమ్మడి కాలము ఊపిరి విడిపింపగా, శ్వాసనాళములు ముడుచుకొను స్వభావము కొంత తగ్గెను. ఊపిరితిత్తుల పాటవమున మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు.

కావున నెమ్మదిగా, నిడుపుగా ఊపిరి విడుచుటయే ఈ రోగికి మేలైన మార్గమని నా నిశ్చయము. వేగముగా పీల్చి విడుచు గాలికి నాళములలోని తడియారి, అవి ముడుచుకొనును గనుక, అట్టి వేగశ్వాసతో కూడిన భస్త్రికా కపాలభాతులను, అట్లే ఊపిరిని చాలసేపు బిగబట్టు దీర్ఘకుంభకమును వైద్యుని అనుమతియు గురువు సన్నిధియు లేక ఆరంభింపరాదు. ఆయాసము వచ్చినపుడు మొదట చేత పట్టవలసినది ఇన్‌హేలరు. వైద్యుడు వ్రాసి యిచ్చిన మందును యోగము పేర మానవలదని ఉబ్బసముతో బాధపడు సోదరీ సోదరులను వేడుకొనుచున్నాను.