తిరుపతి చెరువుల కేసులో రోమన్ చట్టం

కులు-మనాలి దారిలో ఒక మోటెల్ తన స్థలం కోతకు గురికాకుండా బుల్‌డోజర్లు దించి బియాస్ నది పాయనే మళ్లించింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మోటెల్‌కు ఇచ్చిన భూమి లీజును రద్దు చేస్తూ పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని మన చట్టంలోకి తెచ్చింది. నదులు, తీరాలు, అడవులు ప్రజలవనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ దాని సారం. ఆ సిద్ధాంతం ప్రాచీన రోములో పుట్టిందని తీర్పు చెప్పింది. 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్లకు కేటాయించిన కేసులోనూ కోర్టు దాన్నే ఆధారం చేసుకుంది.

చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. 533లో వెలువడిన జస్టీనియన్ 'ఇన్‌స్టిట్యూట్స్' గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం అందరివీ అన్నది నిజం. చక్రవర్తి వాటికి ధర్మకర్త అని మాత్రం అందులో లేదు. ట్రస్టు ఇంగ్లండు ఈక్విటీ కోర్టులు పెంచిన భావన. మిషిగన్ సరస్సు అడుగు నేలను రైల్వే కంపెనీకి ధారాదత్తం చేసిన కేసులో, 1892లో, అమెరికా సుప్రీంకోర్టు దాన్ని నీటికి ముడివేసింది. ఏ మాట ఎప్పుడు, ఎందుకు చేరిందో చూపేది న్యాయ చరిత్రే. మూలం తెలియని సూత్రాన్ని గట్టి ప్రతివాది సులువుగా కొట్టిపడేస్తాడు.

అలాగని రోమును పక్కన పెట్టేస్తే అసలు సరుకే పోతుంది. ప్రజల నదిలోగానీ గట్టు మీదగానీ ఏం చేసినా నీరు నిరుటి వేసవిలో పారినట్టే పారాలని రోమన్ న్యాయాధికారి ఆజ్ఞ ఉండేది. వానాకాలపు ప్రవాహంకన్నా వేసవి ప్రవాహమే నికరమైన కొలత అని న్యాయవేత్త ఉల్పియన్ వివరించాడు. పారుదలను మార్చినవాడి మీద ప్రజల్లో ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, ఆ నేల తనదని రుజువు చేసుకోనక్కర్లేదు. బియాస్ వివాదానికి ఇంతకంటే దగ్గరి నియమం ఏముంటుంది? నేటి ప్రజాప్రయోజన వ్యాజ్యానికీ ఇది ఎంత దగ్గరో చూడండి.

మనిషిని బానిసగా కొని అమ్మిన సమాజపు చట్టం మనకెందుకని అడగవచ్చు. అందుకే అది మనకు ప్రమాణం కాదు, అనుభవం మాత్రమే. తూము నీటిని వంతులవారీగా పంచిన మన నీరుగంటి ఆచారాలనూ అంతే శ్రద్ధగా చదవాలి. తిరుపతి కేసులో కోర్టు అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు; కట్టడాలు లేచాక సూత్రం గుర్తొస్తే ఫలితం తక్కువ. అందుకే మన న్యాయ కళాశాలలు ఆ తీర్పు పక్కనే ఉల్పియన్ వ్యాఖ్యనూ, మన చెరువుల కట్టుబాట్లనూ పాఠంగా పెట్టాలి.