009 నేరోగేజ్ నమూనా రైలుమార్గం

1:76.2 నిష్పత్తిలో, 9 మిల్లీమీటర్ల గేజ్ పట్టాలపై నడిచే నేరోగేజ్ నమూనా ఇది. బ్రిటన్‌లో బాగా వాడుకలో ఉంది. బల్లంత చోటులో రైల్వేను నమ్మేట్టు చూపడానికి ఇది ఎంతో అనువైనది, కారణం అసలు రైల్వేలోనే ఉంది. ప్రధాన మార్గంలోని 400 మీటర్ల వ్యాసార్ధపు మలుపుకు నమూనాలో 5 మీటర్లకు పైగా కావాలి. ఇరుకు కొండదారిలోని 40 మీటర్ల మలుపు 53 సెంటీమీటర్లలో ఇముడుతుంది. రైళ్లూ పొట్టివే కనుక కుదించినట్టు అనిపించదు. 9 మిల్లీమీటర్లు అసలు కొలతలో 686 అవుతాయి, వేల్స్‌లోని ఫెస్టినియాగ్ గేజ్ 597 మాత్రమే కదా అన్న అభ్యంతరం సరైనదే. అక్కడి టాలిలిన్ రైల్వేకు మాత్రం ఆ కొలత చక్కగా సరిపోతుంది. అయినా ఎన్ గేజ్ అనే మరో నమూనా రకపు ఇంజన్ల యంత్రభాగాలు తయారుగా దొరికేది ఈ 9 మిల్లీమీటర్ల వెడల్పుకే. ప్రదర్శనలో గంటల తరబడి నడవాల్సిన బుల్లి ఇంజనుకు కుదుపులేని నడకే ప్రాణం. చూసేవారి కంటికి ముందుగా తగిలేది కుదుపే, మిల్లీమీటరు తేడా కాదు.