మేడ మీద కట్టిన విమానానికి ఏ కాలమ్‌లో టిక్కు పెట్టాలి?

2016 ఫిబ్రవరిలో ముంబయిలో 'మేక్ ఇన్ ఇండియా వీక్' జరిగింది. అక్కడ జనం ఆగి చూసిన వాటిలో ఒక ఆరు సీట్ల విమానం ఉంది. దాన్ని తయారు చేసింది అమోల్ యాదవ్ అనే పైలట్. కట్టిన చోటు కాందివలీలో వాళ్లుండే బిల్డింగు మేడ. ప్రదర్శనకు తేవడానికి దాన్ని విడదీసి కిందికి దించాల్సి వచ్చింది.

ఈ వార్త మీరు కూడా చదివే ఉంటారు. ఆశ్చర్యపోవడం అయ్యాక ఒక ప్రశ్న వేసుకోండి: చట్ట ప్రకారం అది ఎగరొచ్చా?

అప్పటి మన విమాన చట్టం 1934 నాటిది, దాని కింద వచ్చిన నిబంధనలు 1937వి. ఇందులో మనవాళ్లు తరచూ కలిపేసే రెండు విషయాలున్నాయి. 30వ నిబంధన కింద వచ్చేది రిజిస్ట్రేషన్, అంటే ఈ విమానం ఎవరిదో చెప్పే కాగితం. 50వ నిబంధన కింద వచ్చేది ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, అంటే ఇది ఎగరడానికి తగినదని చెప్పే కాగితం. లారీకి ఆర్‌సీ వేరు, ఫిట్‌నెస్ వేరు అన్నట్టే. పేపర్లో "విమానానికి రిజిస్ట్రేషన్ వచ్చింది" అని చదివి ఎగిరే అనుమతి వచ్చిందనుకుంటే పొరపాటే.

అసలు చిక్కు ఈ రెండింటికీ మధ్య ఉంది. మామూలుగా ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ రావాలంటే ముందు ఆ నమూనాకు టైప్ సర్టిఫికెట్ ఉండాలి. అది 49వ నిబంధన. డ్రాయింగులు, బరువుల లెక్కలు, రెక్కను విరిగేదాకా వంచి చూసే పరీక్షలు, వందల పేజీల రుజువులు. ఇంజినీరింగ్ చదివినవాడిగా చెబుతున్నా, ఇందులో అన్యాయమేమీ లేదు. ఒక్క నమూనాను నిరూపిస్తే అలాంటివి వెయ్యి తయారు చేసుకోవచ్చు, కాబట్టి ఆ ఖర్చు వెయ్యి విమానాల మీద పంచుకోవచ్చు. మరి ఒక్కటే కట్టుకునే మనిషి ఆ ఖర్చు దేని మీద పంచుకోవాలి?

ఈ ప్రశ్నకు అమెరికా 1950ల మొదట్లోనే జవాబు వెతికింది. అక్కడ 'ఎక్స్‌పెరిమెంటల్' కింద అమెచ్యూర్ విమానాలకు ఒక తరగతి ఉంది. విమానంలో ఎక్కువ భాగం పనిని కట్టుకునేవాళ్లే చేసి ఉండాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. అందరూ '51 శాతం రూల్' అనేది దీన్నే. కంపెనీ కిట్ అమ్మొచ్చు గానీ, సగానికి పైగా పని కొన్నవాడి చేతుల మీదే జరగాలి. డిజైన్‌ను ప్రభుత్వం నిరూపించమనదు. దానికి బదులు ముందు 25 గంటలో 40 గంటలో జనం లేని చోట, ప్రయాణికులు లేకుండా ఎగిరి చూపించమంటుంది. కిరాయికి తిప్పకూడదు. 'ఎక్స్‌పెరిమెంటల్' అన్న మాట తలుపు దగ్గర కనీసం రెండు అంగుళాల అక్షరాల్లో రాసి ఉండాలి. ఎక్కేవాడు తెలిసే ఎక్కాలి, కింద ఉన్నవాడి నెత్తిన మాత్రం పడకూడదు. రూల్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

బ్రిటన్‌ది ఇంకో దారి. అక్కడ తేలికపాటి విమానాల సంఘానికే ప్రభుత్వం ఆ బాధ్యత అప్పగించింది. సంఘం ఇన్‌స్పెక్టర్లు పని సాగుతుండగానే దశదశకూ వచ్చి చూస్తారు, చివర్లో 'పర్మిట్ టు ఫ్లై' వస్తుంది. అక్కడ స్థిరపడిన కేరళ ఇంజినీరు ఒకాయన లాక్‌డౌన్‌లో నాలుగు సీట్ల స్లింగ్ కిట్ కొని, సుమారు ఏడాదిన్నరలో కట్టుకుని, 2022లో కుటుంబంతో యూరప్ చుట్టి వచ్చారు.

మన దగ్గర ఇలాంటి చరిత్రే లేదనుకోకండి. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ 1980లలో ఒక చిన్న కాంపోజిట్ విమానం కట్టింది. దానికి ఆధారం బర్ట్ రూటాన్ ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ల కోసం గీసిన 'లాంగ్-ఈజెడ్' ప్లాన్లు. అది 1987లో ఎగిరింది. ఆ అనుభవం తర్వాతి 'హంస'కు పనికొచ్చింది. హంస 1993లో తొలిసారి ఎగిరి, 2000లో డీజీసీఏ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ప్లాను అమెరికా గ్యారేజీలో కట్టుకునేదే, కానీ కట్టింది ప్రభుత్వ ల్యాబ్ కాబట్టి ఇక్కడ అది 'పరిశోధక విమానం' అయింది.

యాదవ్‌కు ఆ వసతి లేదు. 2011 నుంచి డీజీసీఏ చుట్టూ తిరుగుతున్నానని, మధ్యలో నిబంధనలు మారాయని ఆయన పత్రికలతో చెప్పారు. ప్రదర్శన తర్వాత ముఖ్యమంత్రి ఫడ్నవీస్ పట్టించుకున్నారు, విషయం ప్రధాని దాకా వెళ్లింది. 2017 నవంబరులో రిజిస్ట్రేషన్ వచ్చింది. విమానం గుర్తు వీటీ-ఎన్‌ఎండీ. ఎన్‌ఎం నరేంద్ర మోదీ, డీ దేవేంద్ర అని ఆయనే చెప్పారు. ఎగరడానికి షరతులతో కూడిన పర్మిట్ రావడానికి 2019 వచ్చింది. పరీక్షగా ఎగిరింది 2020లో, ధూలేలో.

ఆ మూడు అక్షరాల దగ్గర కాసేపు ఆగండి. ఆయన కృతజ్ఞతను తప్పుపట్టను. కానీ రూల్ ప్రకారం రావాల్సిన కాగితానికి ఇద్దరు నాయకుల పేర్లు పెట్టుకోవాల్సినంత రుణపడితే, మేక్ ఇన్ ఇండియా వీక్‌లో స్టాల్ దొరకని రెండో మనిషి గతి ఏమిటి? మెయిన్స్‌లో 'విచక్షణాధికారం' మీద ప్రశ్న వస్తే నేను రాసే ఉదాహరణ ఇదే.

ఇటు డీజీసీఏ వైపు నుంచి కూడా చూడాలి. ఆరు సీట్లంటే సరదా విమానం పరిధి దాటినట్టే. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వంతో ఆయన సంస్థ రాసుకున్న ఒప్పందం విలువ రూ.35,000 కోట్లని వార్తలొచ్చాయి. ఇలాంటి ఆరు సీట్ల విమానాన్ని అమ్మడానికి తయారు చేసే క్షణం నుంచి అమెరికాలో అయినా టైప్ సర్టిఫికెట్ తప్పదు. కాబట్టి అమెచ్యూర్ రూల్ ఆయన మొదటి విమానాన్ని ఎగరేయగలదు గానీ ఫ్యాక్టరీ పెట్టించలేదు. చాలా వ్యాసాలు ఈ రెండింటినీ కలిపి 'రెడ్ టేప్' అనేస్తాయి.

పక్క దేశంలో ఏమైందో కూడా చెప్పాలి. 2019లో పాకిస్తాన్ పంజాబ్‌లోని పాక్‌పట్టన్ జిల్లాలో పాప్‌కార్న్ అమ్ముకునే ఒకాయన సొంతంగా విమానం కట్టి ఎగరేయబోతే పోలీసులు అరెస్టు చేశారు. కోర్టు 3,000 రూపాయల జరిమానా వేసింది, విమానం తిరిగి ఇచ్చారు. తర్వాత వైమానిక దళం వాళ్లే వచ్చి చూసి మెచ్చుకున్నారు. అక్కడా అంతే, ముందు స్టేషన్, తర్వాత శాలువా.

1934 చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో తయారీ, వాడకం, అమ్మకం లాంటి మాటలుండేవి. కొత్తదాంట్లో 'డిజైన్' అన్న మాట కూడా చేరింది. బేర్ యాక్ట్ చదివేటప్పుడు ఆ మాట కింద గీత గీసుకోండి. ఇకముందు దాని కింద వచ్చే నిబంధనల్లో ఒక్కటే విమానం కట్టుకునే మనిషికి ఒక కాలమ్ ఉందో లేదో వెతకండి.