డిన్ కనెక్టర్

డిన్ కనెక్టర్ అనేది పాత ఎలక్ట్రానిక్ పరికరాలను తీగలతో కలపడానికి వాడిన గుండ్రని కనెక్టర్ల కుటుంబం. జర్మనీ జాతీయ ప్రమాణాల సంస్థ అయిన డాయిషెస్ ఇన్‌స్టిట్యూట్ ఫ్యూర్ నార్ముంగ్ పేరులోని తొలి అక్షరాల నుండి ఈ పేరు వచ్చింది. టేపు రికార్డర్లు, యాంప్లిఫయర్లు, తొలినాటి కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ సంగీత వాద్యాలలో వీటిని విరివిగా వాడారు. ఒకే ఆకారం గల ప్లగ్గు వేరువేరు పరికరాలలో వేరువేరు పనులు చేస్తుంది. కనుక పేరు తెలియని తీగను కేవలం ఆకారాన్ని బట్టి గుర్తించడం సాధ్యం కాదు.

నిర్మాణం

ప్లగ్గు చుట్టూ 13.2 మిల్లీమీటర్ల వ్యాసం గల లోహపు కవచం, దాని లోపల గుండ్రని పిన్నులు ఉంటాయి. కవచానికి ఉన్న గాడి వలన ప్లగ్గు ఒకే దిశలో సాకెట్టులోకి వెళుతుంది. మినీ డిన్ అనే చిన్న రకం వ్యాసం 9.5 మిల్లీమీటర్లు. 5 పిన్నుల సాధారణ రకంలో పిన్నులు అర్ధవృత్తాకారంలో ఉంటాయి. వాటి సంఖ్యలు వరుసగా 1, 4, 2, 5, 3.

ముఖ్యమైన రకాలు

* 2 పిన్నులు: ఒకటి బల్లపరుపుగా, ఒకటి గుండ్రంగా ఉంటుంది. లౌడ్‌స్పీకర్ల కొరకు వాడారు.
* 3 పిన్నులు: ఒకే ఛానెలు గల ధ్వని పరికరాలు. ఈ ప్లగ్గు 5 పిన్నుల సాధారణ సాకెట్టులో కూడా పడుతుంది.
* 5 పిన్నులు: స్టీరియో ధ్వని, ఐబీఎం పీసీ (1981) కీబోర్డు, మిడి (1983).
* 7 పిన్నులు: కమొడోర్ 64 కంప్యూటరు విద్యుత్ సరఫరా.
* 4 పిన్నుల మినీ డిన్: ఎస్-వీడియో, ఆపిల్ డెస్క్‌టాప్ బస్.
* 6 పిన్నుల మినీ డిన్: ఐబీఎం పీఎస్/2 (1987) కీబోర్డు, మౌస్.

ఒకే ఆకారం, వేరు పనులు

5 పిన్నుల రకంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మిడిలో 4, 5 పిన్నులు సంకేతాన్ని మోస్తాయి, 2వ పిన్ను కవచానికి చెందుతుంది, 1, 3 పిన్నులకు పని లేదు. అందువలన కొన్ని మిడి తీగలలో ఆ రెండు పిన్నులను కలపరు. అటువంటి తీగ స్టీరియో ధ్వనికి పనికిరాదు. ఐబీఎం పీసీ కీబోర్డులో 4వ పిన్ను గ్రౌండు కాగా, 5వ పిన్నులో 5 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఆపిల్ డెస్క్‌టాప్ బస్ సాకెట్టులో కూడా 5 వోల్టులు ఉంటాయి, కాని దానిలో ఎస్-వీడియో ప్లగ్గు కూడా సరిగ్గా పడుతుంది. కమొడోర్ 64 సరఫరా ప్లగ్గులో 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ ఉంటాయి. ప్లగ్గు పట్టినంత మాత్రాన దానిని వేరే పరికరానికి తగిలిస్తే ఆ పరికరం పాడయ్యే ప్రమాదం ఉంది.

గుర్తించే విధానం

# కవచం వ్యాసాన్ని కొలిచి డిన్ రకమా, మినీ డిన్ రకమా అన్నది తేల్చుకోవాలి.
# పిన్నులను లెక్కించి, వాటి మధ్య కోణాలను, మధ్యలో పిన్ను ఉన్నదీ లేనిదీ గమనించాలి.
# పరికరం మీద సాకెట్టు పక్కన ఉన్న అక్షరాలను, గుర్తులను చూడాలి.
# తీగను రెండు వైపులా ఊడదీసి, ఏ పిన్ను అవతలి కొనలో ఏ పిన్నుకు కలిసిందో మల్టీమీటరుతో పరీక్షించి రాసుకోవాలి.
# విద్యుత్ సరఫరా ప్లగ్గు అని అనుమానం ఉంటే, పరికరానికి తగిలించక ముందే డీసీ, ఏసీ రెండు స్థాయిలలోనూ వోల్టేజిని కొలవాలి. కొలిచేటప్పుడు మీటరు మొనతో రెండు పిన్నులను ఒకేసారి తాకించరాదు.

పిన్నుల పటాన్ని చదివేటప్పుడు అది సాకెట్టు ముందు వైపు నుండి గీసినదా, వెనుక టంకం పెట్టే వైపు నుండి గీసినదా అన్నది ముందుగా చూడాలి. ఒకటి మరొకదానికి అద్దంలోని ప్రతిబింబం వలె ఉంటుంది. ఈ తేడాను గమనించకపోతే సరైన పటం ఉన్నా తీగలు తారుమారవుతాయి.

ఇవి కూడా చూడండి

* మిడి
* ఎస్-వీడియో
* మల్టీమీటరు